విగ్గు కోసం కొట్టిన దెబ్బ

ఆ చెంపదెబ్బ కొట్టింది హీరో, తిన్నది కమెడియన్. కానీ జనమంతా ఫోన్లలో పదే పదే పెట్టుకుని వింటున్న ఆ చప్పుడు మాత్రం నాది.

నేను సినిమాలకు చప్పుళ్లు చేస్తాను. తెర మీద ఎవరైనా నడిస్తే ఆ అడుగులు నావి. తలుపు గొళ్లెం పడటం, బల్ల మీద గ్లాసు పెట్టడం, ఎవరో దిగ్గున లేస్తే కుర్చీ కిర్రుమనడం, ఇవన్నీ షూటింగ్ అయిపోయాక ఒక మూసిన గదిలో తెర వంక చూస్తూ నేను మళ్లీ చేసేవే. చెంపదెబ్బకైతే తడి తువ్వాలును తోలు దిండు మీద చరుస్తాను, అదే క్షణంలో ఎడమ చేత్తో ఎండుపుల్ల ఒకటి విరుస్తాను. చాలా ఏళ్ల కిందట ఇదే హీరో ఒక సినిమాలో విలన్ని కొట్టినప్పుడు అలాంటి దెబ్బ ఒకటి చేశాను. మొన్న అవార్డుల ఫంక్షన్లో అతను నిజంగా కొట్టిన దెబ్బకు పెద్దగా చప్పుడు రాలేదు. నిజం దెబ్బలకు రాదు. అది జనానికి ఆనలేదు. పనీపాటా లేని మహానుభావుడెవరో నా పాత దెబ్బను వెతికి తెచ్చి ఈ వీడియోకు అతికించాడు. ఇంక చెప్పేదేముంది, లిఫ్టులో అదే చప్పుడు, బస్సులో అదే చప్పుడు, బ్యాంకులో నా ముందు నిలబడ్డ పెద్దమనిషి జేబులోనూ అదే చప్పుడు.

జరిగింది ఇదీ. హీరోకి ఉత్తమ నటుడి అవార్డు ఇచ్చారు. ఫంక్షన్ నడిపిస్తున్న కమెడియన్ స్టేజీ మీద నుంచి, "ముందు సారు విగ్గుకి ఇవ్వండండీ అవార్డు. సారు షూటింగుకి లేటుగా వచ్చినా అది మాత్రం టైముకి వచ్చేస్తుంది" అన్నాడు. హాలంతా గొల్లుమంది. ముందు వరసలో కూర్చున్న హీరో లేచాడు, మెట్లెక్కాడు, మారుమాట లేకుండా లాగి ఒకటిచ్చాడు. టీవీ వాళ్లు దాన్ని తీసేస్తారా? ఆ ముక్కనే నాలుగు రోజుల ముందు నుంచి ప్రకటనల్లో ఊరించి ఊరించి మరీ వేశారు.

జోకుకి చెయ్యి చేసుకుంటాడా, పొగరు తలకెక్కింది అన్నవాళ్లు కొందరు. జుట్టూడిన వాళ్ల బాధ మీకేం తెలుసు అన్నవాళ్లు కొందరు. ఎక్కువమంది మాత్రం నవ్వుకున్నారు. విగ్గు కోసం కొట్టాడట! అతని ఇంటికి కొరియర్లో విగ్గులు పంపడం మొదలుపెట్టారు. మా వీధి మొదట్లో ఉన్న క్షౌరశాలాయన, "ఇక్కడ జుట్టు మీద జోకులు వేయబడవు" అని బోర్డు రాయించి పెట్టాడు. దాని పక్కన నిలబడి ఫోటోలు దిగడానికి జనం వస్తున్నారు.

మా పిన్నికి ఈ వారమంతా పండగే. పిన్ని నాతోనే ఉంటుంది. టీవీ ముందు నుంచి కదలకుండా, "నెత్తి మీద వెంట్రుక లేకపోయినా ముక్కు మీద కోపానికి మాత్రం లోటు లేదు వెధవకి" అని తీర్పులిచ్చేస్తోంది. నేను వంటింట్లోంచి వస్తే గొంతు కాస్త తగ్గిస్తుంది. అంతకన్నా మర్యాద ఆవిడ వల్ల కాదు. ఎందుకంటే ఆ హీరో ఒకప్పుడు నా మొగుడు.

ఆ సంగతి జనం ఎప్పుడో మర్చిపోయారు, ఈ దెబ్బతో గుర్తొచ్చింది. ఎవరెవరో ఫోన్లు చేస్తున్నారు. "మేడమ్, మొదటి భార్యగా మీ స్పందన?" అని ఒక అమ్మాయి. "మిమ్మల్ని కూడా కొట్టేవాడా మేడమ్?" అని ఇంకొకడు, ఆ అడగడంలోనే ఔనంటే బాగుండునన్న ఆశ. రాంగ్ నంబరని పెట్టేశాను. మర్నాడు ఒక చానెల్లో "సన్నిహిత వర్గాల" పేరు చెప్పి, పెళ్లయిన రోజుల నుంచే అతనిది ఇదే వరస అని వేశారు. అతను నా మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. చెయ్యెత్తకపోవడమే కాదు, చెయ్యి పట్టుకోవలసినప్పుడు పట్టుకోనూ లేదు. నా ఫిర్యాదు అదీ. దానికి ఏ చానెల్లోనూ చోటుండదు.

మేమిద్దరం ఒకే నాటకాల ట్రూపులో ఉండేవాళ్లం. అతను తెర ముందు, నేను తెర వెనక. రేకు ఊపి ఉరుములు, జల్లెడలో బఠాణీలు దొర్లించి వాన. అతను వానలో తడిసే సీనులో నేను కావాలనే బఠాణీలు ఆపకుండా దొర్లించేదాన్ని, పాపం చలితో వణుకుతున్నట్టు ఇంకాసేపు నటించవలసి వచ్చేది. అలా పెళ్లయింది. ఒకరినొకరం నువ్వనే పిలుచుకునేవాళ్లం, అది పిన్నికి అస్సలు గిట్టేది కాదు.

కొన్నాళ్లకు మాకు పాప పుట్టింది. నెలలు నిండకుండా పుట్టింది. వారం తిరక్కుండా పోయింది. పేరు పెట్టేంత వ్యవధి కూడా ఇవ్వలేదు. అప్పుడే అతనికి సినిమాలో మొదటి వేషం దొరికింది, దూరంగా ఎక్కడో షూటింగు. కబురందుకుని వచ్చాడు, పాప ఉన్న మిగతా నాలుగు రోజులూ ఆసుపత్రిలో నిలబడ్డాడు, అంతా అయ్యాక మర్నాడే మళ్లీ షూటింగుకి వెళ్లిపోయాడు. తిరిగొచ్చాక పాప గురించి ఒక్క మాట అనలేదు. నేను ఆ మాట ఎత్తితే లేచి బాల్కనీలోకి వెళ్లిపోయేవాడు. నేనొక్కదాన్నే కన్నట్టు, నేనొక్కదాన్నే పోగొట్టుకున్నట్టు ఉండేది ఆ ఇల్లు. కొట్లాడుకుని విడిపోయినవాళ్లకి కనీసం ఆ కొట్లాటైనా మిగులుతుంది. మేం కొట్లాడుకోలేదు. ఒక రోజు నేను పెట్టె సర్దుకున్నాను, అతను దాన్ని కింది దాకా మోసుకొచ్చి ఆటో ఎక్కించాడు.

అతను కావాలనిపించదా అంటే అనిపిస్తుంది. దాచుకోవడానికి ఇప్పుడు నా వయసుకి సిగ్గేమిటి? అతని సినిమాలు చాలావరకు మా స్టూడియోకే వస్తాయి. అతను తెర మీద నడుస్తుంటే కింద నేను నడుస్తాను. నా కాళ్లకు పెద్దవైన మగవాళ్ల బూట్లలో గుడ్డలు కుక్కుకుని, అతను ఎడమకాలు కాస్త బద్ధకంగా వేస్తాడు కాబట్టి నేనూ అలాగే వేస్తూ, ఎన్ని ఊళ్లు తిరిగానో, ఎంతమంది హీరోయిన్ల వెనకాల పడ్డానో లెక్కలేదు. ఈసారి అవార్డు వచ్చిన సినిమాలో అతనిది తండ్రి వేషం. ఎదిగిన కూతురు అలిగి తలుపేసుకుంటే గది బయట అటూ ఇటూ తిరుగుతాడు. ఆ తిరగడం నేనే తిరిగాను. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

కానీ అతనికన్నా ఎక్కువగా నాకు కావలసింది ఇంకొకటి ఉంది. మా పాప ఈ లోకానికి వచ్చి వెళ్లడం నాతో పాటు కళ్లారా చూసిన సొంత మనిషి ఒక్కడే ఉన్నాడు. డాక్టర్లు, నర్సులు మర్చిపోయి ఉంటారు, వాళ్ల తప్పు కాదు. అతనికి గుర్తుందా లేదా? ఇన్నేళ్లుగా నాకు తెలియవలసింది ఈ ఒక్కటే. అందుకే ఆ దెబ్బ చూసినప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. కన్నబిడ్డ కోసం నోరు విప్పని మనిషి, విగ్గు కోసం వేలమంది ముందు స్టేజీ ఎక్కాడు. విగ్గు మీద ఈర్ష్య పడ్డ ఆడది ఈ ప్రపంచంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

శనివారం సాయంత్రం ఇంకా వెలుతురుండగానే బెల్లు మోగింది. టోపీ, మాస్కు పెట్టుకుని కమెడియన్ నిలబడి ఉన్నాడు. మా స్టూడియోలో వాణ్ణి చిలక అనేవాళ్లం. పేరు రాకముందు మా దగ్గరే గుంపు కేకలు వేసేవాడు, ఒక్కడే నలభై మంది గొంతులు పలికేవాడు. నన్ను అక్కా అంటాడు.

తలుపు తీసిన పిన్ని వాణ్ణి గుర్తుపట్టి, లోపలికి రమ్మనడం కూడా మర్చిపోయి, "ఏదీ, చెంప ఇటు తిప్పు" అంది.

వాడు మాస్కు తీసి తిప్పాడు.

"ఏం వాయలేదే!" అంది పిన్ని నిరాశగా.

"చాలా రోజులైంది కదండీ పిన్నిగారూ," అన్నాడు వాడు తప్పు చేసినవాడిలా.

పిన్ని కాఫీ పెట్టడానికి వెళ్లింది. వాడు సోఫా అంచున కూర్చుని టోపీని చేతుల్లో తిప్పుతూ ఉండిపోయాడు. నోరు మూతపడని మనిషి అలా ఉంటే నాకే భయమేసింది.

"ఏంట్రా? కేసు పెడుతున్నావా? సాక్ష్యానికి నన్ను రమ్మంటావా?" అన్నాను.

"అక్కా, ఆయన కొట్టింది విగ్గు కోసం కాదు."

"మరి?"

"టీవీలో చూసిన వరసలో జరగలేదక్కా అది. విగ్గు జోకు ముందే ఒకసారి వేసేశాను. ఆయన పగలబడి నవ్వాడు. చప్పట్లు కూడా కొట్టాడు. నవ్వులు సరిగ్గా రికార్డు కాలేదు, మళ్లీ వెయ్యమన్నారు. ఇంతలో లైట్లు పోయాయి. కెమెరాలు ఆపేశారు. జనం లేచి వెళ్లిపోతారేమో, కిందికి దిగి నవ్విస్తూ ఉండు అన్నాడు డైరెక్టరు. మైకు లేదు, ఏం లేదు. ముందు వరసలో ఒక్కొక్కళ్ల దగ్గరికీ వెళ్లి చెవిలో ఏదో ఒకటి అంటూ వచ్చాను. ఆయన దగ్గరికొచ్చాను." వాడు ఆ ముక్క దాటేశాడు. "లైట్లొచ్చాయి. నేను స్టేజీ ఎక్కి విగ్గు జోకు మళ్లీ మొదలుపెట్టాను. ఆయన అప్పటిదాకా కదల్లేదు. అప్పుడు లేచాడు."

నాకు నా మీదే నవ్వొచ్చింది. ఒకచోట తీసినదాన్ని ఇంకోచోట అతికించి, అతుకు కనపడకుండా చప్పుడు పూసి బతుకుతున్నదాన్ని నేను. ఊళ్లో అందరూ మోసపోయినా నేను మోసపోకూడదు. వరసలో చూపించారు కదా అని అందరిలాగే నమ్మేశాను.

"ఏమన్నావు ఆయన చెవిలో?"

వాడు నేల చూపులు చూశాడు. ఎవరి గొంతూ పలకకుండా, వాడి సొంత గొంతుతో, నెమ్మదిగా చెప్పాడు. "'తండ్రి వేషానికి అవార్డా సార్? సొంతంగా అయితే వారం కూడా వెయ్యలేకపోయారుగా' అన్నానక్కా."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

వాడికి ఆ సంగతి ఎలా తెలుసని అడగక్కర్లేదు. గుంపు కేకలు వేసే రోజుల్లో, మీకు పిల్లల్లేరా అక్కా అని అడిగితే నేనే ఒక్క ముక్కలో చెప్పాను.

"జోకు ముందొచ్చేస్తుందక్కా నాకు. బుద్ధి తర్వాతెప్పుడో వస్తుంది. అనేశాక, లైట్లు రాగానే ఆయన మొహం చూశాను. ఆ మొహం చూశాక కూడా నేను స్టేజీ ఎక్కి విగ్గు జోకు వేశాను చూడు, అందుకు కొట్టాలి నన్ను."

వాడి రెండో చెంప ఖాళీగా కనపడింది. నా చెయ్యి లేచింది కూడా. లేచిన చెయ్యి నా నోటికే అడ్డం పడింది. అప్పుడు నాకు వచ్చింది కోపం కాదు. చెప్పుకోవడానికి ఎలాగో ఉంది గానీ, సంతోషం. గుర్తుంది. అతనికి గుర్తుంది. నా బిడ్డను ఒక మాటంటే లేచి నిలబడే మనిషి ఒకడు ఈ ఊళ్లోనే ఉన్నాడు. బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పి కాసేపు నిలబడ్డాను.

తిరిగొచ్చేసరికి చిలక కళ్లు తుడుచుకుంటున్నాడు. "మర్నాడు ఆయనే ఫోన్ చేశాడక్కా. తిడతాడనుకున్నా. 'ఎవరడిగినా విగ్గే అని చెప్పు' అన్నాడు. అంతే, పెట్టేశాడు. ఇక్కడ చూస్తే జనం నన్ను దేవుణ్ణి చేసేశారు. పూలు పంపిస్తున్నారు. ఆయన సినిమా ఆడనివ్వం అని హాళ్ల ముందు కూర్చున్నారు. రేపు సాయంత్రం లైవులో ఆయన నాకు క్షమాపణ చెప్పాలట. ఆయన నాకు చెప్పడమేంటక్కా? నేను నిజం చెప్పేస్తాను. నా బతుకు ఏమైనా కానీ. కానీ నువ్వు తల్లివి. నువ్వు ఊ అంటేనే."

తల్లివి. ఆ మాట నన్ను అన్నవాళ్లు లేరు. వాడి తప్పులో సగం అక్కడే కొట్టేశాను.

"రేపు మధ్యాహ్నం దాకా నోరు మూసుకుని ఉండు. నీకు కష్టమే, తెలుసు. ఆయన నంబరు ఇచ్చి వెళ్లు," అన్నాను.

వాడు గుమ్మం దాటాడో లేదో పిన్ని పైట చెంగుతో కళ్లొత్తుకుంటూ వచ్చింది. "ఎంత బంగారంలాంటి మనిషే! రాయనుకున్నాను ఇన్నాళ్లూ. దేవుడే, దేవుడు. చెప్పించెయ్. లోకానికంతా తెలియాలి." అప్పుడే ఫోను చేతిలోకి తీసుకుని ఎవరికో నొక్కేస్తోంది. నేను లాక్కోవలసి వచ్చింది.

ఒక్క నిమిషంలో వెధవ దేవుడైపోయాడు. రేపు జనానికీ అంతే. విగ్గు బోర్డు తీసి పాప బొమ్మ పెడతారు. పాపకు పేర్లు పెడతారు. ఏ ఆసుపత్రి, ఎవరి నిర్లక్ష్యం, తల్లి ఏ మందులు మింగిందని చర్చలు పెడతారు. ఏడ్చేవాళ్లు ఏడుస్తారు, ఆ ఏడుపుల మీద జోకులు వేసేవాళ్లు వేస్తారు. ఎవరో ఒకడు చప్పుడు కూడా అతికిస్తాడు. అదంతా కళ్లకు కట్టినట్టు కనపడింది. అలాగని అతన్ని రేపు సాయంత్రం అలా తల దించుకుని నిలబడనివ్వాలా? అతని పాతికేళ్ల పేరు ఒక బట్టతల కింద కొట్టుకుపోతుంటే, నిజం తెలిసి కూడా నేను చూస్తూ కూర్చోవాలా? ఏదీ తేలలేదు. అతన్నే అడగాలి. నిజానికి అడగడం కూడా ఒక సాకే. ఆ గొంతు నాతో మాట్లాడి ఎన్నాళ్లయిందో!

ఆదివారమైనా మాకు పనుంది. మధ్యాహ్నం సౌండ్ ఇంజినీరు భోజనానికి వెళ్లాక చప్పుళ్ల గదిలోనే కూర్చున్నాను. ఒక మూల ఇసుక తొట్టె, ఒక మూల కంకర, వరసగా బూట్లు, చెప్పులు, గోడకి ఆనించి ఎటూ దారితీయని ఒక తలుపు. బయట లారీ పేలినా లోపలికి వినపడదు. నంబరు నొక్కాను.

"హలో."

రోజంతా నా చెవుల్లో ఉండే గొంతే. అయితే అది ఎప్పుడూ వేరే ఎవరితోనో మాట్లాడుతుంటుంది.

"నేనండీ," అన్నాను. ఆ పైన ఏం చెప్పుకోవాలో తెలియలేదు.

"అండీ ఏంటి కొత్తగా?" అన్నాడు.

"అలవాటు తప్పింది."

"ఎక్కడున్నావ్? నీ వెనక ఏమీ వినపడటం లేదు."

"పని గదిలో."

"తిన్నావా?"

"లేదు. నువ్వు?"

"విగ్గు తీసేసి కూర్చున్నా. దాక్కోవడానికి బట్టతలను మించిన వేషం లేదు. పొద్దున పాల ప్యాకెట్ కోసం కిందికెళ్తే మా వాచ్‌మనే ఎవరు కావాలండీ అన్నాడు."

నవ్వాను. అతనూ నవ్వాడు. ఇంక నవ్వు సాగదీస్తే ఏడుపొస్తుందని తెలిసి, "చిలక వచ్చాడు" అనేశాను.

"చెప్పాడా?"

"చెప్పాడు."

"వాడి నోరు పడిపోను."

"వాడి నోటి సంగతి తర్వాత. నేను ఊ అంటే నిజం చెప్తానంటున్నాడు. నీ మీద పడ్డ నింద పోతుంది."

"వద్దు."

"సినిమా ఆపేస్తారట."

"ఆపనీ."

"నన్ను కూడా కొట్టేవాడివని టీవీలో చెప్తున్నారు."

"విన్నాను. అదొక్కటే కష్టంగా ఉంది."

"లేదని నేను చెప్తాను. నాకేం భయం?"

"నువ్వు నోరు విప్పితే వాళ్లు ఊరుకోరు. మరి ఎందుకు విడిపోయారంటారు. అక్కణ్ణుంచి తవ్వుకుంటూ తవ్వుకుంటూ పాప దగ్గరికే వస్తారు."

పాప. ఆ మాట అతని నోట్లోంచి నేనెప్పుడూ వినలేదు.

"ఏమన్నావ్?"

"పాప దగ్గరికి వస్తారన్నాను. నా బోడి తల చూసి ఎంత నవ్వుకున్నా నాకేం పోదు. సాయంత్రం విగ్గు లేకుండానే వెళ్తాను, వాడికి సారీ చెప్తాను, కావాలంటే గుండు నిమిరి చూపిస్తాను. నవ్వుకోనీ. దాన్ని మాత్రం వాళ్ల నోళ్లలో పడనివ్వను. ఇప్పుడు దాని కోసం నేను చెయ్యగలిగింది ఇదొక్కటే. అప్పుడు ఏమీ చెయ్యలేదు కదా."

ఇంత ప్రేమగా అంటున్నాడు, నాకు మాత్రం ఉన్నట్టుండి పాత కోపమంతా తన్నుకొచ్చింది. "అప్పుడు చెయ్యడానికి ఏం లేదులే. ఎవరి వల్లా కాలేదు. ఒక్క మాట మాట్లాడి ఉండొచ్చు కదా? నా పక్కన కూర్చుని, పాప అని ఒక్కసారి అని ఉండొచ్చు కదా? నేను ఎత్తగానే బాల్కనీలోకి పోయేవాడివి. నీకేమీ పట్టలేదనుకున్నాను. ఇన్నేళ్లూ అలాగే అనుకుంటూ బతికాను."

"ఏం మాట్లాడను?" అన్నాడు. గొంతు పూర్తిగా మారిపోయింది, ఏ సినిమాలోనూ లేని గొంతు అది. "నువ్వు కన్నావ్. నీ పక్కన కాసేపు పడుకోబెట్టారు, దాని ఒళ్లు నీకు తెలుసు. నేనొచ్చేసరికే అద్దాల గదిలో పెట్టేశారు. లోపలికి రానివ్వలేదు. అద్దం ఇవతల నిలబడి చూశాను, అంతే. నోరు తెరిచి ఏడ్చేది. చిన్న నోరు, ఎర్రగా. నాకేమీ వినపడేది కాదు. అద్దానికి చెవి ఆనించి కూడా చూశాను, నర్సు తిట్టింది. నువ్వు దాని గురించి ఎత్తితే, ఇంతమాత్రం చూసినవాణ్ణి నీ ముందు ఏడవడానికి నాకేం హక్కుందిలే అనిపించేది. లేచి వెళ్లిపోయేవాణ్ణి."

అతను మర్చిపోయాడని నేను అనుకుంటూ వచ్చాను. గుర్తు పెట్టుకోవడానికి తనకు ఏమీ ఇవ్వలేదని అతను అనుకుంటూ వచ్చాడు. ఈ మాట ఆ రోజుల్లో ఆ బాల్కనీలో అని ఉంటే ఎంత బతుకు మిగిలేది మాకు! అదే అన్నాను అతనితో. "ఊ" అన్నాడు.

"ఒకటి అడగనా?" అన్నాడు.

"అడుగు."

"ఏడుపు ఎలా ఉండేది?"

మా గదిలో నేను చెయ్యని చప్పుడు అదొక్కటే. పసిపిల్ల ఏడ్చే సీనొస్తే ఇంజినీరు నన్నడగడు, వేరే ఎక్కణ్ణుంచో తెచ్చి వేసుకుంటాడు. కానీ నాకు తెలుసు. పుట్టిన రోజు, తీసుకెళ్లిపోయే ముందు, నా చెవి పక్కనే ఏడ్చింది. చెప్పబోయాను. గట్టిగా ఉండేది కాదన్నాను. ఊపిరి చాలేది కాదన్నాను. ఇంకేం చెప్పాలో తెలియలేదు. ఎన్ని మాటలు పేర్చినా అది కాదు.

"ఉండు," అన్నాను.

టిక్కుమనకుండా చేతి గడియారం విప్పి చెప్పుల వరసలో పెట్టాను. ఫోనును దగ్గరికి తెచ్చుకుని, కళ్లు మూసుకుని, నాలుకను అంగిట్లోకి ముడిచాను. గొంతులో చోటు బాగా తగ్గించాలి, పిట్ట గొంతంత చెయ్యాలి. ఊపిరి సగమే తీసుకోవాలి. మొదట చిన్నగా రెండు ముక్కలుగా వచ్చేది. మధ్యలో తెగేది. మూడోది కాస్త పైకి లేచి, ఎవరినో ఏదో అడిగినట్టుగా ఆగిపోయేది.

చేశాను.

అటువైపు ఊపిరి కూడా వినపడలేదు. లైను కట్టయిపోయిందేమోనని ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను.

"ఇంకోసారి," అన్నాడు.